నీలం ముడి

డిసెంబరు ఆఖరి శనివారం బైండింగ్ షాపు మూతపడింది. సోమవారం ఉదయం ఎనిమిదింటికి మా పిన్ని అలవాటు చొప్పున జడ బిగించుకొని, క్యారేజీ సర్దుకొని, గుమ్మం దాకా నడిచింది. ఒక కాలికి చెప్పు వేసుకున్నాక గానీ వెళ్ళవలసిన చోటు లేదన్న సంగతి ఆమెకు గుర్తు రాలేదు.

బాబాయి పేపరు దించకుండానే, "కట్టిన క్యారేజీ ఎందుకు పాడుచేయడం? ఇటు తే. వంటింట్లోంచి హాల్లోకి డ్యూటీకి వచ్చాననుకొని తినేస్తా," అన్నాడు.

పిన్ని నవ్వింది. చెప్పు విప్పేలోపే ఆ నవ్వు అయిపోయింది.

ఆమెకు యాభై ఒకటి. ఇరవై రెండేళ్ళు ఒకే బల్ల ముందు నిలబడి, చిరిగిన పుస్తకాలను విప్పి, అతికించి, కుట్టి, అట్టలు వేసింది. ఆ పనిలో కుడి చూపుడువేలు కొంచెం పక్కకు వంగింది. కొత్త సంవత్సరం మొదటి వారంలో ఊరి లైబ్రరీ గోడ మీద ఒక ప్రకటన కనిపించింది: పాత పుస్తకాల మరమ్మతు గదికి ఒక మనిషి కావాలి, అనుభవానికి ఆధారం జతపరచాలి, గడువు జనవరి పది.

"ఇది కాకపోతే ఇంకేదైనా చూద్దాం పిన్నీ," అన్నాను.

"చూడొచ్చు. కానీ ఊరికే కూర్చుంటే నా వేళ్ళు దిండు అంచులు సరిచేస్తున్నాయే అమ్మడూ. వాటికేం చెప్పను?"

దరఖాస్తు తయారీ నేను తీసుకున్నాను. ఇంటింటికీ తిరిగి మనుషుల్ని పని గురించి అడగడం నా వృత్తి. నేరుగా అడిగితే ఎవరూ తమ పనిని ఉన్నంతగా చెప్పరని అందులోనే నేర్చుకున్నాను. పిన్ని కూడా "ఏముంది, అట్టలు వేశా" అని రెండు మాటల్లో తేల్చేసింది. అందుచేత షాపు తలుపు తీసిన క్షణం నుంచి ఒక్క రోజును మాత్రం చెప్పమన్నాను. దానికే రెండు మధ్యాహ్నాలు పట్టింది. పుస్తకాన్ని ముందు వాసన చూస్తుందట, చెమ్మ తగిలిందో లేదో తెలుసుకోవడానికి. చినిగిన పేజీకి అతికించే పలుచని కాగితాన్ని కత్తిరించదట, చేత్తోనే చింపుతుందట. చింపిన అంచయితే అతుకు కనబడదు. ఇవన్నీ రాస్తుంటే ఆమె నా పెన్ను వైపు అనుమానంగా చూసి, "ఇది కూడా రాస్తారా? చదివినవాళ్ళు నవ్వరూ?" అంది.

అన్ని గడులూ నిండాయి గాని, 'ఆధారం' అన్నది మాత్రం ఖాళీగా మిగిలింది. యజమాని షాపుకు తాళం వేసి, ఎక్కడికి వెళ్ళిందీ ఎవరికీ చెప్పకుండా ఊరు విడిచాడు. ఫోను పలకడం లేదు.

"ఇన్నేళ్ళలో ఆయన చేత్తో రాసింది నేను చూసిన కాగితం ఒక్కటే," అంది పిన్ని. "'రేపు సెలవు' అని తలుపుకు అంటించింది."

నా పట్టికలో ఇంకొక ప్రశ్న మిగిలి ఉంది. పని బాగాలేదని పుస్తకం తిరిగొస్తే, అది ఎవరి పనో ఎలా తెలిసేది? పిన్ని వెంటనే కొంగు సర్దుకుంది.

"అది రాయకు."

"రాయనులే, చెప్పు."

"ముగ్గురం ఉండేవాళ్ళం కదా. పెద్దావిడది ఎర్రదారం, తర్వాతామెది ఆకుపచ్చ, నాది నీలం. కుట్టంతా తెల్లదారమే. పదహారేసి పేజీల కట్టను ఫారం అంటాం, ఆఖరి ఫారం మధ్య మడతలో వేసే ముడి మాత్రం ఎవరి రంగుతో వాళ్ళం వేయాలి. పుస్తకం తిరిగొచ్చిందా, యజమాని ఆ మడత విప్పి చూసేవాడు. ఎవరి ముడి ఉంటే వాళ్ళకి అక్షింతలు."

"లైబ్రరీ పుస్తకాలు మీ షాపుకేగా వచ్చేవి?"

పిన్నికి అర్థమైంది. "తప్పు పట్టుకోవడానికి వేయించిన ముడిని చూపించి ఉద్యోగం అడగమంటావా? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఉంటుందే!"

అయినా తొమ్మిదో తేదీన ఇద్దరం లైబ్రరీకి వెళ్ళాం. లైబ్రేరియన్ పిన్ని వయసు ఆవిడే. దరఖాస్తును చివరిదాకా చదివి, కళ్ళజోడు తీసి, "చింపిన అంచు సంగతి నాకు తెలియదు సుమండీ," అంది. ఆ తర్వాత వేలు ఖాళీ గడి మీద ఆగింది. "మరి ఆధారం?"

పిన్ని గొంతు సవరించుకుంది. "మీ బీరువాల్లోనే ఉందమ్మా."

ముడి సంగతి విన్నాక ఆవిడే లేచి, అట్ట వేసిన పుస్తకాలు నాలుగు తెచ్చింది. మొదటిదాని మడతలో ఆకుపచ్చ ముడి.

"ఇది నాది కాదు," అంది పిన్ని తడుముకోకుండా.

రెండోదీ మూడోదీ నీలం. లైబ్రేరియన్‌కు సరదా పుట్టింది. నాలుగోది నదుల గురించిన లావుపాటి గ్రంథం. అందులోనూ నీలమే. ఆవిడ సంతోషంగా మూయబోతుంటే పిన్ని చెయ్యి అడ్డుపడింది. పుస్తకం అంచు మీద బొటనవేలు పోనిచ్చి, ఒకచోట ఆపి తెరిచింది. నూట పన్నెండో పేజీ తర్వాత నూట ఇరవై ఎనిమిదో పేజీ, అదీ తలకిందులుగా. ఒక ఫారం మొత్తం, పదహారు పేజీలు, శీర్షాసనం వేసి ఉన్నాయి.

లైబ్రేరియన్ ఆ తేడా గమనించలేదు. బల్ల కింద నేను పిన్ని పాదం నొక్కాను. ఆమె పాదం పక్కకు జరుపుకుంది.

"ఇదీ నాదే. తిరగేసి కుట్టాను."

"అయ్యో! ఇన్నేళ్ళలో ఎవరూ ఫిర్యాదు చేయలేదే?"

"అక్కడిదాకా ఎవరూ చదివి ఉండరు లెండి."

ఆవిడ పకపకా నవ్వింది. పిన్ని మాత్రం వెనక అట్ట మీది చీటీలో బైండింగ్ తేదీ చూస్తూ ఉండిపోయింది. తర్వాత నా వైపు గడ్డం చూపి, మెల్లగా అంది. "ఆ రోజు దీని పదో తరగతి ఫలితాలొచ్చాయి. చేతులు దారం మీదున్నాయి గానీ, మనసు షాపులో ఫోను దగ్గరే ఉంది."

"పాసయిందా మరి?"

"స్కూలు ఫస్టు," అంది పిన్ని, పదహారు పేజీలకూ అదే సంజాయిషీ అన్నట్టు.

నేను కిటికీ వైపు తిరిగాను. ఆ రోజు ఇంటికి వచ్చి ఆమె నన్ను ఎత్తుకోబోయి, బరువు ఆగక ఇద్దరం మంచం మీద పడడం నాకు జ్ఞాపకం ఉంది. ఈ పుస్తకం సంగతి మాత్రం తెలియదు.

"ఇది ఇస్తే రేపటికల్లా సరిచేసి తెస్తానమ్మా. ఉద్యోగం ఇచ్చినా, ఇవ్వకపోయినా."

"ఈ బీరువా పుస్తకాలు ఇప్పుడు బయటికి ఇవ్వకూడదండీ." లైబ్రేరియన్ కొంచెం ఆలోచించింది. "మీరే రండి, మా మరమ్మతు గదిలోనే కూర్చుని చేద్దురుగాని. ఉద్యోగం నా ఒక్కదాని చేతిలో లేదు, కమిటీ వాళ్ళు తేల్చాలి. నేను రాయవలసింది మాత్రం నేను రాస్తాను."

ఖాళీ గడిలో ఆవిడ మూడు పుస్తకాల నంబర్లు వేసింది. నదుల గ్రంథం నంబరు పక్కన ఒక వాక్యం చేర్చింది: 'ఇందులోని లోపాన్ని అభ్యర్థే చూపించారు.'

మర్నాడు ఎనిమిదింటికి పిన్ని రెండు చెప్పులూ వేసుకొని గుమ్మంలో నిలబడింది.

"ఇవాళ నాకు క్యారేజీ లేనట్టేనా?" అన్నాడు బాబాయి.

"వంటింట్లో ఉంది. ఎవరి డ్యూటీకి వాళ్ళే వెళ్ళాలి."

ఆమె సంచిలో సూదులు, మైనం ముక్క, ఒక దారపు ఉండ కనిపించాయి. "దారం వాళ్ళ దగ్గర ఉండదా పిన్నీ?" అని అడిగాను.

"ఉంటుందే. నీలం ఉంటుందో లేదో."