ఇద్దరు చదివితేనే వేలు

“ఏ కాగితమైనా ఇద్దరితో సదివించుకున్నాకే వేలెయ్యి. మరిసిపోవద్దు.”

“సరేలే అవ్వా, బస్సొచ్చేసినాది.”

మా అవ్వా నేనూ మాట్లాడుకున్న ఆఖరి మాటలవే. నేను అత్తగారింటికి పోయే రోజది. మళ్ళీ వచ్చేసరికి అవ్వ లేదు.

నా చిన్నప్పుడు మేము నగరి పక్కన ఒక నేతగాళ్ళ వీధిలో ఉండేవాళ్ళం. నూలుకు రంగు వేయడం మా ఇంటి పని. ఒకరోజు మా చిన్నాయన, అవ్వకు కడగొట్టు కొడుకు, చీరల మూట తీసుకుని పట్నం పోయాడు. అక్కడ బస్టాండులో బాంబు పేలింది. మూట రాలేదు, మనిషీ రాలేదు.

మూడో రోజు పోలీసులు మా దగ్గర రంగు వేసే సాయిబు మామను పట్టుకుపోయారు. మరునాడు ఇన్‌స్పెక్టరు ఒక కాగితం తెచ్చి, “కొడుకు పోయినాడని రాసినామమ్మా, అంతే. వేలిముద్ర వెయ్యి” అన్నాడు. అవ్వకు అక్షరం ముక్క రాదు. కానీ ఆ ఒక్క మాటకు రెండు పేజీలెందుకని అనుమానం వచ్చింది. కళ్ళు తుడుచుకుని కాగితాన్ని పక్కనున్న కానిస్టేబులు చేతికిచ్చింది. “నువ్వు సదువు నాయనా, నీ గొంతు మావాని గొంతు మాదిరే ఉండాది” అంది.

పాపం, అతను ఉన్నదున్నట్టు చదివేశాడు. బాంబు పేలిన రోజు పొద్దున సాయిబు మామ సంచితో పట్నం బస్సెక్కడం అవ్వ కళ్ళారా చూసిందని ఉంది అందులో! నిజానికి ఆ పొద్దంతా ఆయన మోచేతులదాకా నీలం రంగుతో మా తొట్టి దగ్గరే ఉన్నాడు.

“నీ కొడుకును సంపినోణ్ణి ఎనకేసుకొస్తావా?” అని ఇన్‌స్పెక్టరు గద్దించాడు.

“సంపినోణ్ణి పట్టుకోని రా సార్, నేనే ముందు నిలబడి సెప్తా. వాడు ఎవరూ ఏమీ అని సూడకుండా సంపినాడు. మీరూ అట్లే సూడకుండా పట్టుకునేదుంటే, దానికి నా బిడ్డ పేరు వాడొద్దు.”

పిడికిలిని కొంగులో చుట్టేసుకుని కూర్చుంది. వేలు వేయలేదు.

తొమ్మిదో రోజు మామను వదిలేశారు. తడి నూలు పిండడానికి ఆయన వేళ్ళు ముడుచుకోలేదు. అప్పటినుంచి ఆయన నూలు అవ్వే పిండింది. వీధి వీధంతా ఆమెతో మాటలు మానేసినా పిండింది.

ఈమధ్య ఎక్కడో బాంబు పేలితే, మా వెనకింట్లో బాడుగకుండే పాత ఇనుము వ్యాపారి మీద నా దగ్గరకూ పోలీసులు ఒక కాగితం తెచ్చారు. “మొగుడు లేనిదానివి, నీకెందుకీ రచ్చ?” అన్నారు. మొగుడు లేడు గానీ వేలు ఉంది, అది నాదే అన్నాను. ఇద్దరితో చదివించాను, వేయలేదు. మళ్ళీ వస్తారేమో, రానీ.

మనవరాలా, అంతా రాశావు కదా. కోపం తెచ్చుకోవద్దు, దీన్ని పక్కింటి అక్కతో కూడా చదివిస్తాను. ముందు నువ్వు చదివి వినిపించు.