సూది ఊడదీసిన మిషను

కాజాల పిన్నికి నోరు పెద్దది, కళ్ళు అంతకన్నా పెద్దవి. పన్నెండేళ్ళుగా సందు చివరి కుట్టుకొట్టులో కాజాలు తీస్తూ, హుక్కులు వేస్తూ, ఆ వీధివాళ్ళందరి నడుము కొలతలూ కంఠతా పట్టేసింది. కొట్టు టైలరమ్మది. భర్త పోయాక ఈ ఏడాదిగా టైలరమ్మ మనిషి మనిషిలా లేదు. కంచం ముందు కూర్చుని తినకుండానే లేచేది.

చర్చిలో స్త్రీల ప్రార్థన జాబితాలో మొదటి పేరు ఆమెదే. ప్రతి ఆదివారం ఆ పేరు చదివి కన్నీళ్ళతో ప్రార్థించేవారు. డాక్టరు మాటెత్తితే మాత్రం ఆ ప్రార్థన నడిపే పెద్దక్క కసురుకునేది.

"దేవుడుండగా మాత్రలెందుకమ్మా?"

పిన్నికి ఒళ్ళు మండేది. పెద్దక్క తన మోకాళ్ళ నొప్పి మాత్రలు ఒక్కపూట కూడా మానలేదు మరి! అయినా పిన్ని పైకి ఏమీ అనలేదు. అలా ఊరుకోవడమే తర్వాత ఆమెను తొలిచేసింది.

నిన్న ఆదివారం టైలరమ్మ శుభ్రంగా తల దువ్వుకుని వచ్చింది. పేరుపేరునా పలకరించింది. నవ్వింది కూడా. పెద్దక్క పొంగిపోయి, "దేవుడు కార్యం చేశాడు!" అంటూ జాబితాలో ఆమె పేరు అడ్డంగా కొట్టేసింది. అందరూ ఆమెన్ అన్నారు. పిన్ని కూడా అంది.

ఈ పొద్దున పిన్ని వచ్చేసరికి కొట్టు అద్దంలా ఉంది. వచ్చే నెల ఇవ్వాల్సిన బట్టలు కూడా కుట్టి, మడతపెట్టి, చీటీలు గుచ్చి ఉన్నాయి. మెచ్చుకోబోయి పిన్ని మిషను వైపు చూసింది. టైలరమ్మ ఏ రోజూ పని పూర్తిగా ముగించదు. ఒక గుడ్డ సగం కుట్టి, సూది అందులోకి దించి వదిలేస్తుంది, తెల్లారి కూర్చోగానే చెయ్యి ఆడాలని. భర్త పోయిన రోజున కూడా మిషను మీద సగం చొక్కా ఉంది. ఇవాళ గుడ్డ లేదు. సూది కూడా ఊడదీసి డబ్బాలో పెట్టేసింది.

పిన్ని చేతిలోని సంచి పడేసి వెనక గదిలోకి పరిగెత్తింది. టైలరమ్మ మంచం మీద నిమ్మళంగా కూర్చుని ఉంది.

"కొట్టు తాళాలు నువ్వే ఉంచుకో పిన్నీ."

"చచ్చిపోదామనుకుంటున్నావా?" పిన్ని అడిగేసింది.

టైలరమ్మ కాదనలేదు.

"నిన్న నా పేరు కొట్టేస్తుంటే చూశాను. హమ్మయ్య, ఇక నా బరువు ఎవరికీ లేదనుకున్నాను."

"కొట్టేసింది మేమే, బుద్ధిలేనివాళ్ళం. దేవుడు కాదు." పిన్ని ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో పాస్టరమ్మకు ఫోన్ చేసింది. "కారు తీసుకుని రండమ్మా, ఆస్పత్రికి వెళ్ళాలి. ప్రార్థన దారిలో చేద్దాం."

కారు వచ్చేలోగా ఆమెను మిషను ముందు కూర్చోబెట్టింది. సూది బిగించి, అంచు ఊడిన తన సంచిని ముందు పెట్టింది.

"సగమే కుట్టు."

టైలరమ్మ కుట్టింది. సగంలో సూది దించి ఆపేసింది.

"మిగతాది రేపు కదా?" పిన్ని అడిగింది.

టైలరమ్మ సూది కింది గుడ్డను చేత్తో సవరించింది. బయట కారు ఆగిన చప్పుడైంది.

"నా పేరు మళ్ళీ రాయించు పిన్నీ," అంది.