వాల్వు తాళంలో ఉక్కు గోలీ

చాంపియన్ రీఫ్స్‌లో బంగారు గని క్వార్టర్ల వరుసను లైన్ అంటాం. మా లైన్‌కు ఆదివారం నీళ్ళు వస్తాయి. మెయిన్ పైపులో అవి గంటసేపు ఉంటాయి. ఆ లోపల మా వాల్వు మేమే తిప్పుకోవాలి. తిప్పుకోకపోతే నీళ్ళు దిగువ లైన్‌కు పోతాయి, మాకు మళ్ళీ వచ్చే ఆదివారమే. వాల్వు నేలలో, చెయ్యి పట్టని గొట్టం అడుగున ఉంటుంది. దాన్ని అందుకునే పనిముట్టు ఒకటే. నడుమెత్తు ఇనుప కడ్డీ, పైన అడ్డపిడి, కింద చదరపు నోరు. మేము దాన్ని తాళం అంటాం. గని నడిచే రోజుల్లో అక్కడి వర్క్‌షాపులో చేసింది.

ఒక ఆదివారం ఆ తాళం నోట్లో ఉక్కు గోలీ ఇరుక్కుంది. మా పిల్లలు పాత బేరింగుల్లోని గోలీలతో ఆడుకుంటారు. తాళాన్ని ఎవరో నోరు పైకి పెట్టి గోడకు ఆనించారు, అందులో ఒకటి పడి బురదతో అంటుకుంది. అప్పుడే పుల్లతో పొడిస్తే ఊడివచ్చేది. మా నాయన చూసుకోకుండా తాళాన్ని వాల్వు మీద పెట్టాడు. సరిగా కూర్చోలేదని పైనుంచి సుత్తితో బాదాడు. గోలీ బిగుసుకుపోయింది.

నేను మెకానికల్ డిప్లొమా చదివి, మా జిల్లాలోనే ఉన్న నరసాపురంలో మోటారుసైకిళ్ళ ఫ్యాక్టరీలో నాణ్యత విభాగంలో పనిచేస్తున్నాను. తాళం తీసుకుని చూశాను. నోరు లోపలికి పోయేకొద్దీ కొంచెం సన్నబడుతుంది, అందువల్ల గోలీ నాలుగు గోడలకూ తగులుకుని ఉంది. కడ్డీ లోపల బోలు లేదు కాబట్టి వెనకనుంచి నెట్టే దారి లేదు. అయస్కాంతానికి బలం చాలదు. ఇది తుప్పు కాదు కనుక నూనెతో లాభం లేదు. మిగిలింది నోటిని బయటినుంచి వేడిచేయడం. గోలీ వేడెక్కేలోపల నోరు కొద్దిగా విచ్చుకుంటుంది, అప్పుడు తడితే రాలిపోతుంది. ఎదురింటి మామ దగ్గర మంట చిమ్మే బ్లో ల్యాంపు ఉంది.

"మామా, ల్యాంపు ఇయ్యి. క్షణంలో వచ్చేస్తాది" అన్నాను.

మామ గనిలో మనుషుల్ని కిందికి దించే ఇంజను నడిపినవాడు. ల్యాంపు తెచ్చాడు, చేతికి ఇవ్వలేదు. "మేస్త్రీ మాట లేకుండా మంట పెడతారా అప్పా?"

"ఇది గని లోపల కాదు కదా మామా, రోడ్డు."

"తాళం గనిదే కదా?"

నాకు నడక వచ్చేలోపే గని మూతపడింది. హోదాలు మాత్రం మూతపడలేదు. టీ గ్లాసు ముందు ఎవరికి అందాలో, అరుగు మీద ఎవరు కూర్చోవాలో, ఎవరు నిలబడాలో అన్నీ పాత పద్ధతిలోనే జరుగుతాయి. గనిలో మావాళ్ళకు పని చెప్పిన చివరింటి మేస్త్రీ మా లైన్‌కు ఇప్పటికీ మేస్త్రీయే. ఆయన రాబర్ట్‌సన్‌పేట బజారుకు మటన్ కోసం పోయాడు.

"ఫోన్ చేసినాను. అంగడి ముందర జనం ఉండారంట. నేను వచ్చేదాకా ఎవురూ చెయ్యి పెట్టొద్దు అన్న్యాడు" అన్నాడు నాయన.

మా గుమ్మం ముందు డ్రమ్ము, బిందెలు అన్నీ ఖాళీ. అమ్మ వాటి మధ్య నిలబడి అంతా వింటోంది.

"ఆయప్ప మటన్ తెచ్చేలోపల నీళ్ళు పోతాయి. నేను దిగువ లైన్ తాళం అడిగి తెస్తాను" అంది.

"ఆ షాఫ్టోళ్ళని మనం అడిగేదా? మానం పోతాది" అన్నాడు నాయన.

"పోనీ. కడుక్కునేదానికి నీళ్ళన్నా ఉంటాయి."

మా లైన్ వాళ్ళు గనిలోకి దిగింది ఒక షాఫ్టులో, దిగువ లైన్ వాళ్ళు ఇంకొకదానిలో. ఎవరు ఎక్కువ రాయి పైకి తీశారన్న పోటీ ఇంకా తెగలేదు. ఇప్పుడు రెండు షాఫ్టుల నిండా నీళ్ళే. పైన రెండు లైన్లలోనూ లేనిది అదే.

అమ్మ వెళ్ళింది, వట్టి చేతులతో వచ్చింది. "వాళ్ళ మేస్త్రీ చెప్తేనే ఇస్తారంట. ఇంగ ఆయప్ప కూడా అదే మటన్ అంగడికాడ ఉండాడు!"

నాకు నవ్వు రాబోయి ఆగింది. మా ఫ్యాక్టరీలో పనిముట్టులో ఏదైనా ఇరుక్కుంటే నేనూ చెయ్యి పెట్టను. ఎర్ర ట్యాగు కడతాను, ఫోటో తీస్తాను, ఇన్‌చార్జి సంతకం కోసం చూస్తాను. ఆ ఖాళీలో ఎందుకు, ఎందుకు అని ఐదుసార్లు ప్రశ్నించుకుని మూలకారణం రాస్తాను. ఇక్కడా అప్పటికే మొదలుపెట్టేశాను. గోలీ ఎందుకు బిగిసింది? సుత్తితో కొట్టడం వల్ల. ఎందుకు కొట్టారు? జవాబులో నాయన కనిపించేసరికి విచారణ అక్కడే ముగించాను.

మేస్త్రీ ఆటో దిగాడు. మటన్ సంచి ఇంట్లోకి పంపి, కళ్ళజోడు తుడుచుకుని తాళం నోట్లోకి తొంగి చూశాడు.

"ఎవుర్రా దీన్ని కొట్టింది?"

అందరూ ఆకాశం చూశారు. నాయన అందరికంటే శ్రద్ధగా చూశాడు.

"సరే, విచారణ తరవాత. మంట పెట్టండి. ఆడోళ్ళు దూరం పోండి."

మామ ల్యాంపు వెలిగించాడు. నేను నోటిని తిప్పుతూ వేడిచేసి, రాతి మీద తట్టాను. గోలీ టక్కున రాలింది. చప్పట్లు మోగాయి. మేస్త్రీ దాన్ని గుడ్డతో పట్టుకుని ఒక్కొక్కరికీ చూపించాడు. తమ చేతులతో తీసిన బంగారాన్ని కూడా వాళ్ళు అంతసేపు చూసి ఉండరు.

నేను తాళం చల్లార్చి వాల్వు తిప్పాను. కొళాయి బుసకొట్టింది, ఎర్రగా కాసిని నీళ్ళు కక్కింది, తరవాత దారంలా కారింది. అమ్మ బిందె పెట్టింది. రెండో బిందె సగంలో ఉండగానే ఆగిపోయింది. దిగువ లైన్‌లో బిందెలు నిండే చప్పుడు మా గుమ్మానికి వినిపిస్తోంది. వీధి మధ్యలో మగవాళ్ళు మాత్రం ఇంకా గోలీ చుట్టూనే ఉన్నారు. కొట్టింది ఎవరో తేల్చాలట.

మేస్త్రీ భార్య చెంబు పట్టుకుని వచ్చింది. "అక్కా, మటన్ కడగల్ల. మా ఇంట్లో చుక్క లేదు."

అమ్మ బిందె వంక చూసింది. చెంబు నింపి ఇచ్చింది. తరవాత నావైపు తిరిగింది.

"ఈ వారం ఇంట్లో స్నానాలు లేవు. నువ్వు ఫ్యాక్టరీలో పోసుకో. మీ నాయన సంగతి నాకు తెలీదు. సుత్తి ఎత్తి కొట్టినోడు ఆయప్పే, నీళ్ళు కూడా ఆయప్పే తెచ్చుకోనీ."

ఆ మాట అమ్మ గట్టిగానే అంది. వీధిలో విచారణ ముగిసింది.