అరటినార మీద కోపాలిమర్

మొన్న నందిగామ సెంటర్లో కొన్న మూర మల్లెలు ప్లాస్టిక్ దారంతో కట్టి ఉన్నాయి. నార లేదా అని అడిగితే, పూలావిడ "ఇప్పుడు నార ఎవరు వాడుతున్నారండీ!" అని నవ్వింది. నాకు ఒళ్లు మండింది.

మన తరం వాళ్లకి ఇంటర్ రోజుల్లోని తడిపిన అరటినార వాసన గుర్తుందా? జగ్గయ్యపేటలో మా అమ్మ పూలు కట్టి అమ్మేది. ఒకరోజు తన పక్కనే కూర్చుని, కెమిస్ట్రీలో పాలిమర్లు బుర్రకెక్కక ఏడ్చాను. బడి మొహం చూడని అమ్మ, ఒకే రకం చిన్న అణువులు గొలుసు కడితే పాలిమర్, రెండు రకాలు కలిసి కడితే కోపాలిమర్ అనే ఆ పాఠాన్ని నా చేత పైకి చదివించుకుంది.

"ఇంతేనటే! వట్టి మల్లెలు కడితే ఒక రకం. మల్లె, కనకాంబరం మార్చి మార్చి కడితే ఇంకో రకం. నాలుగు మల్లెలు, నాలుగు కనకాంబరాలు కడితే మరో రకం. రోజూ నేను కట్టేవేగా, దీనికి ఏడుపెందుకే?" అంది.

పరీక్షలో ఆ దండలే తలుచుకుని రాశాను.

ఆ నార కూడా పాలిమరేనని, దాని పేరు సెల్యులోజ్ అని డిగ్రీలో తెలిసింది. అమ్మకు చెప్పాలనుకుంటూనే ఉండిపోయాను.

మొన్నటి పూలు వాడి రాలిపోయాయి. అమ్మ ఫోటోకి ఆ దారం మాత్రం అలాగే వేలాడుతోంది.