లోపలి పక్క కుట్టిన మాటలు

గంజి పెట్టిన బట్ట మీద నీళ్లు చిలకరించి ఇస్త్రీపెట్టె ఆనించగానే లేచే ఆ ఆవిరి వాసనకి ఇప్పటికీ ఇస్త్రీ బండి దగ్గర ఆగిపోతాను. కరుణమ్మ టీచర్ వరండా వాసన అది. బిట్రగుంట రైల్వే కాలనీలో ఆమె మాకు డ్రాయింగ్ నేర్పేవారు. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్లొచ్చి, మధ్యాహ్నమంతా చొక్కాలు, కోట్లు ముందేసుకుని కుట్టేవారు. అవే ఆమె బొమ్మలు. పైపక్క, గుండె మీద, బంగారు దారంతో "దయచేయండి", "తమరి అభిమానం" లాంటి మర్యాదలు. లోపలి పక్క, ఒంటికి తగిలే చోట, అదే మనుషులు తలుపు మూసుకున్నాక అనే మాటలు, ఎర్ర దారంతో. చూసేవాళ్లు చేత్తో తిరగేసి చదవాలి. "ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటే మనిషి మారిపోతాడా ఏంది? తిప్పి చూడు మే" అనేవారు నాతో.

ఎన్నో ఏళ్లు ఎదురుచూశాక నెల్లూరులో ఆమె మొదటి ప్రదర్శన జరిగింది. బట్టలు తగిలించడానికి నేనూ వెళ్లాను. హాలు ఇచ్చిన పెద్దమనిషే రిబ్బన్ కత్తిరించి, నవ్వుకుంటూ ఒక్కొక్కటీ తిరగేస్తూ వచ్చారు. ఒక తెల్లచొక్కా దగ్గర ఆ నవ్వు ఆగింది. లోపల "మీవాళ్లకి బొమ్మలెందుకు, ఊడ్చుకోక" అని ఉంది. ఆర్ట్ కాలేజీలో చేరడానికి సాయం అడిగినప్పుడు తాను విన్న మాట అని టీచర్ నాకు ముందే చెప్పారు. ఎవరన్నారో మాత్రం చెప్పలేదు.

"ఇది తీసెయ్యి. నన్ను బజార్న పెడతావా?" అన్నారాయన.

టీచర్ గొంతు పెంచలేదు. "అంగట్లో కొన్న చొక్కా సార్ ఇది. పేరు యాడా కుట్టలేదు. ఆ మాట మీదని మీకెట్టా తెలిసింది?"

అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన ముఖం మాడిపోయింది. చొక్కా తీయకపోతే హాలుకి తాళం వేయిస్తానన్నారు. ఆ ఒక్కటీ తీసేయమని వచ్చినవాళ్లు టీచర్ని బతిమాలారు.

"ఇదొక్కటి దించినానంటే, మిగతావన్నీ ఆయన దయతో వేలాడుతున్నట్టే" అని ఆమె అన్నీ దించేశారు. ఎదుటి రోడ్డు పక్క ఇనప కంచెకి తగిలించారు. బస్సు కోసం నిలబడ్డవాళ్లు, టీ తాగుతున్నవాళ్లు వచ్చి కాలర్లు తిరగేశారు. "ఇది మా ఆఫీసరు చొక్కా గదా" అని ఒకామె పకపకా నవ్వింది. అంత మంది ఆ హాల్లోకైతే వచ్చి ఉండేవారు కాదు.

టీచర్ ఇప్పుడు లేరు. నేనూ బట్టల మీదే కుట్టి ప్రదర్శనలు పెడుతున్నాను. "ఆ ఒక్కటి తప్ప అన్నీ బాగున్నాయండీ" అని నిర్వాహకులు ఎంతో మర్యాదగా అన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. వాదన పెట్టుకోను. మూలనున్న ఆ ఒక్కదాన్నీ తెచ్చి గుమ్మానికి ఎదురుగా తగిలిస్తాను.