నాలుక కింద నూనె చుక్కలు

మా అవ్వకు ఒక నూనె ఇచ్చి చూద్దామని డాక్టరమ్మ అన్నప్పుడు, అది ఏ మొక్క నుంచి తీస్తారో వినగానే అవ్వ కుర్చీలోంచి లేచి నిలబడింది. మామూలుగా లేవాలంటే ఆమెకు నా చెయ్యి కావాలి. ఆ రోజు అడగలేదు. గోడ పట్టుకుని తలుపు దాకా వెళ్లి, అక్కడ నిలబడి, వెనక్కి తిరగకుండానే నాతో అంది.

"గంజాయా బిడ్డా? మీ బాపును తిన్నదాన్నే నాకు తాపుతరా?"

అవ్వ అంటే మా అమ్మే. మా వైపు కన్నతల్లిని అవ్వ అనీ, నాన్నను బాపు అనీ పిలుస్తాం. పెళ్లయిన కొత్తలో సిరిసిల్ల దగ్గరి ఊరి నుంచి బాపు వెంట సూరత్ వచ్చింది. బాపు ఉధ్నాలో సాంచెలు నడిపేవాడు. కరెంటు మగ్గాలను మేం సాంచెలంటాం. డిండోలిలో రేకుల కప్పున్న గదిలో నేనూ తమ్ముడూ పుట్టి పెరిగాం. ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, బడిలో గుజరాతీ.

సాంచెల చప్పుడులో నిలబడి రాత్రంతా పని చేసేవాళ్లలో కొందరికి గంజాయి అలవాటు ఉండేది. నిద్ర రాకుండా అని మొదలుపెట్టేవారు. బాపు కూడా అట్లాగే మొదలుపెట్టాడట. నాకు ఊహ తెలిసేసరికే పొద్దున డ్యూటీ దిగి వచ్చి, గోడకు ఆనుకుని కూర్చుని నవ్వుతూ ఉండేవాడు. అవ్వ అన్నం పెడుతూ, బియ్యం అయిపోయాయనో, తమ్ముడికి జ్వరమనో చెప్పేది. ఆయన నవ్వేవాడు. కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు. ఆ నవ్వే అవ్వకు కొట్టినంత పని చేసేది. "ఏంది, నన్ను జూస్తె నవ్వొస్తున్నదా?" అని అడిగేది. దానికీ నవ్వే.

చివరి ఏళ్లలో ఆ నవ్వు కూడా పోయింది. ఎవరో వెంట వస్తున్నారని తలుపు గడియ పెట్టుకుని కూర్చునేవాడు. కార్ఖానాలో పని పోయింది. ఆ తర్వాత ఊపిరితిత్తులు పాడై, నేను పదో తరగతిలో ఉండగా పోయాడు. అవ్వ చీరలకు రాళ్లు అంటించే పని చేసి మా ఇద్దరినీ పెంచింది. గల్లీలో ఎక్కడైనా ఆ పొగ వాసన వస్తే కిటికీ మూసేసేది, ఎండాకాలమైనా సరే.

అట్లాంటి మనిషిని ఆ నూనె తాగమన్నారు.

అప్పటికి నేను సూరత్‌లోనే, నది అవతల అమ్రోలిలో కాపురం ఉంటున్నాను. తమ్ముడు ఊరి బయట సచిన్ అనే చోట రంగుల మిల్లులో పని చేస్తూ అవ్వతోనే ఉన్నాడు. పెళ్లి చేసుకోలేదు. కొన్నేళ్ల కిందట అవ్వకు రొమ్ములో గడ్డ వచ్చింది. ఆపరేషన్ అయింది, కీమో అయింది. కీమో తర్వాత వేళ్ల కొసలు మొద్దుబారిపోయాయి. రాయి పట్టుకున్నదీ జారవిడిచిందీ తెలిసేది కాదు. చీర మీద రాళ్లు అడ్డదిడ్డంగా పడుతుంటే చీరలిచ్చే సేఠ్ పని పంపడం మానేశాడు. అరికాళ్లు మండేవి. తడి గోనెపట్టా మీద కాళ్లు పెట్టుకుని కూర్చునేది.

అంతా బాగైందనుకున్నాక నడుము నొప్పి మొదలైంది. బరువు ఎత్తినందుకేమో అనుకున్నాం. స్కానింగ్ తీస్తే రోగం వెన్నెముకలోకి పాకిందని తేలింది. ఇక నయం చేసే మందులు లేవని, నొప్పి తగ్గించే డాక్టరు దగ్గరికి పంపారు. అక్కడే ఆ డాక్టరమ్మ. మార్ఫిన్ గోళీలు రాసింది. కాలిలో రక్తం గడ్డకట్టినందుకు రక్తం పలచబడే మందు అంతకుముందే వాడుతున్నాం. ఇన్ని మింగినా అవ్వకు నిద్ర లేదు. కన్ను మూస్తే మళ్లీ తెరవనేమో అని భయం. ఆ భయానికీ, నిద్రకూ పనికొస్తుందేమో చూద్దామని డాక్టరమ్మ ఈ నూనె సంగతి ఎత్తింది.

అవ్వను బయట బెంచీ మీద కూర్చోబెట్టి నేను మళ్లీ లోపలికి వెళ్లాను. బాపు సంగతి చెప్పాను. డాక్టరమ్మ కలం కింద పెట్టి విన్నది. తర్వాత హిందీలో నిదానంగా వివరించింది. ఆ మొక్కలో ఎన్నో పదార్థాలుంటాయట. వాటిలో రెండింటి గురించే ఎక్కువ తెలుసట. ఒకటి టీహెచ్‌సీ. మత్తెక్కించేదీ, నవ్వించేదీ, భయపెట్టేదీ అదే. రెండోది సీబీడీ. దానివల్ల మత్తు రాదు. నొప్పినీ నిద్రనూ భయాన్నీ ఒక తీరులో ఉంచడానికి మన ఒంట్లోనే ఇలాంటి పదార్థాలు కొన్ని తయారవుతాయట. సీబీడీ వాటి పనిలో ఎక్కడో చెయ్యి పెడుతుంది, ఎక్కడెక్కడ అన్నది ఇంకా పూర్తిగా తెలియదు అంది. పిల్లల్లో కొన్ని రకాల ఫిట్స్‌కు గట్టిగా పని చేస్తుందని తేలిందట. క్యాన్సర్ నొప్పికి మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోవద్దని ముందే చెప్పింది.

ఇబ్బందులూ దాచలేదు. మగతగా ఉండొచ్చు, విరేచనాలు కావొచ్చు, ఆకలి తగ్గొచ్చు. మనం మింగే మందులను విరిచి బయటికి పంపేది కాలేయం. ఈ నూనెను కూడా అదే విరవాలి. దీని పని కూడా దాని మీద పడితే వేరే మందులు విరగడం ఆలస్యమై రక్తంలో ఎక్కువసేపు ఉండిపోతాయి. రక్తం పలచబడే మందు అట్లా నిలిస్తే రక్తస్రావం అవుతుంది. అందుకే చాలా తక్కువ చుక్కలతో మొదలుపెట్టి, రక్తపరీక్షలు చేస్తూ పోవాలంది. తన దగ్గర చీటీ మీద ఇచ్చేది పరీక్ష చేసిన సరుకనీ, బయట దొరికేదంతా అదే కాదనీ కూడా చెప్పింది.

బయటికి వచ్చి ఇదంతా అవ్వకు చెప్పాను. అవ్వ అంతా విని ఒక్క మాటే అడిగింది.

"నవ్వొస్తదా?"

రాదన్నాను. ఆమె నమ్మలేదు.

చాలా రోజులు ఆ ఊసు ఎత్తనివ్వలేదు. ఒక మధ్యాహ్నం నేను స్నానం చేయిస్తుంటే పీట మీద కూర్చోలేకపోయింది. నా భుజం మీద తల పెట్టి, నీళ్లు కారుతుండగా అట్లాగే ఉండిపోయింది. చీర కట్టి పడుకోబెట్టాక అంది, "తే బిడ్డా ఆ నూనె. నవ్వకుంటె చాలు."

మొదటిసారి చుక్కలు నేనే వేశాను. నాలుక కింద వేసి కాసేపు మింగకుండా ఉంచుకోవాలి. పచ్చి గడ్డి వాసన, చేదు. అవ్వ కళ్లు మూసుకుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తనలోకి ఎవరైనా వస్తున్నారేమో అని కాపలా కాస్తున్నట్టు ఉంది ఆ కూర్చోవడం. నేను ఆమె పెదవులనే చూస్తున్నాను. ఏమీ జరగలేదు. కొంతసేపటికి కళ్లు తెరిచి, నిన్నటి పప్పు పులిసిపోయి ఉంటుంది చూడమంది.

వారం పది రోజులకు మధ్యాహ్నాలు నిద్రపోవడం మొదలుపెట్టింది. నిద్ర లేచాక ముఖం తేటగా ఉండేది. నొప్పి తగ్గిందా అని అడిగితే ఆలోచించి చెప్పింది. "నొప్పి ఆన్నే ఉన్నది బిడ్డా. నేనే దానికి జర దూరం కూసున్న." అది నూనె పనా, నిద్ర పనా, మార్ఫిన్ కుదురుకున్నందుకా, నాకు తెలియదు. డాక్టరమ్మను అడిగితే తనకూ తెలియదంది. కొన్నాళ్లకు అవ్వ చేతి మీద నల్లగా కమిలిన మచ్చలు కనిపించాయి, పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం వచ్చింది. పరీక్ష చేసి రక్తం పలచబడే మందు తగ్గించారు. డాక్టరమ్మ చెప్పినట్టే జరిగిందని నాకు ఆమె మీద నమ్మకం కుదిరింది.

తమ్ముడికి ఇదంతా వేరేగా కనిపించింది. ఇంత తక్కువ చుక్కలకే నిద్ర వస్తుంటే, ఇంకా గట్టిది ఇస్తే నొప్పే పోతుంది కదా అనుకున్నాడు. ఇంట్లో రోజూ ఆమె మూలుగు వినేది వాడు. మిల్లులో వాడితో పని చేసే ఎవరో ఫోనులో ఒక సరుకు చూపించారట. సీసా మీద ఆకు బొమ్మ, పెద్ద అక్షరాలతో సీబీడీ అని ఉంది. వాడు తెప్పించాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం, నేను అమ్రోలిలో ఉండగా, అవ్వకు అందులోంచి వేశాడు. పాతదే అనుకుని ఆమె నోరు తెరిచింది.

కొంతసేపటికి వాడు ఫోను చేశాడు.

"అక్కా, అవ్వ నవ్వుతున్నదే."

ఆటోలో తాపీ నది దాటి డిండోలి చేరాను. తలుపు తీసే ఉంది. అవ్వ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుంది. వేళ్ల సందుల్లోంచి నవ్వు వస్తోంది. కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. నన్ను చూసి చేతులు తీయబోయింది, మళ్లీ మూసుకుంది. తమ్ముడు ఆమె కాళ్ల దగ్గర కూర్చుని ఏడుస్తున్నాడు.

డాక్టరమ్మకు ఫోను చేస్తే వెంటనే తీసుకురమ్మంది. దారిలో నవ్వు ఆగి భయం పట్టుకుంది. ఆటో వాడు తమను ఎక్కడికో పట్టుకుపోతున్నాడని నా చెయ్యి పిసికేసింది. ఆసుపత్రిలో గుండె దడ చూసి, సెలైన్ పెట్టి, వెలుతురు తగ్గించిన గదిలో పడుకోబెట్టారు. తమ్ముడు తెచ్చిన సీసాను డాక్టరమ్మ అటూ ఇటూ తిప్పి చూసింది. అవ్వ తీరు చూస్తే దీంట్లో ఆ మొదటిది, మత్తెక్కించేది, కచ్చితంగా కలిసి ఉంది అంది. పైన రాసింది ఒకటి, లోపల ఉన్నది ఒకటి. కడుపులోకి పోయింది కాబట్టి దిగడానికి గంటలు పడుతుందనీ, ప్రాణానికి భయం లేదనీ చెప్పింది. తమ్ముడిని ఒక్క మాట కూడా అనలేదు. వాడు వరండాలో తల దించుకుని నిలబడ్డాడు.

మర్నాడు పొద్దున అవ్వ మామూలు మనిషై లేచింది. టీలో బిస్కెట్టు ముంచుకుని తిన్నది. తమ్ముడిని పిలవమంది. వాడు వచ్చి మంచం పక్కన నిలబడితే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టుకుంది.

"నువ్వు నా మంచికే తెచ్చినవ్ కొడుకా. ఏడ్వకు," అంది. తర్వాత మా ఇద్దరి వైపూ కాక కిటికీ వైపు చూస్తూ అంది. "నిన్న నాకు నవ్వొచ్చినప్పుడు లోపల నేను ఏడుస్తనే ఉన్న. మీరెవ్వరూ నాకు నవ్వులాటగ లేరు. ఆపుదామంటె నా చేతుల లేదది. మీ బాపు నన్ను జూసి నవ్వుతున్నడనే అనుకున్న ఇన్నేండ్లు. ఆయన నన్ను జూసి నవ్వలేదేమో."

బాపు పోయిన రోజు కూడా ఆమె అంతగా ఏడవలేదు. ఆ పొద్దున ఏడ్చింది. చప్పుడు లేకుండా, చాలాసేపు. నర్సు వచ్చి నొప్పి ఎక్కువైందా అని అడిగితే కాదని తల ఊపింది.

పాత నూనె మళ్లీ మొదలుపెట్టవచ్చని, దానివల్ల అట్లా కాదని డాక్టరమ్మ చెప్పింది. నేనూ బతిమాలాను. అవ్వ ఒప్పుకోలేదు. "ఇగ ఏ చుక్కా వద్దు. ఉన్నన్ని దినాలు నా సోయిల నేనుంట," అంది. ఆ తర్వాత మధ్యాహ్నపు నిద్ర దూరమైంది. మార్ఫిన్ పెంచారు. పెంచినకొద్దీ మాట తడబడేది. తన తెలివిలో, తన సోయిలో తానుంటానన్న మనిషికి చివరకు ఆ సోయి కూడా పూర్తిగా మిగల్లేదు. వానాకాలం మొదట్లో ఒక పొద్దున, తమ్ముడు సచిన్ బస్సుకు బయల్దేరుతుండగా, నీళ్లు అడిగి, తాగకుండానే పోయింది.

ఇప్పుడు మా గల్లీలో ఎవరికైనా మోకాళ్ల నొప్పులో నిద్ర పట్టకపోవడమో ఉంటే ఆ నూనె మంచిదేనా అని నన్ను అడుగుతారు. నాకు తెలిసింది చెబుతాను. మత్తు వచ్చేది ఒకటి, రానిది ఇంకొకటి. రానిది కూడా మందే, వేరే మందులతో కలిస్తే వాటి పనిని మార్చేస్తుంది. కొన్నిటికి పని చేస్తుంది, చాలావాటికి చేస్తుందో లేదో ఇంకా తెలియదు. డాక్టరు చూడకుండా తాగొద్దు, పైన రాసింది చూసి కొనొద్దు. వినేవాళ్లు ఇంతకంటే పొట్టి జవాబు కావాలన్నట్టు చూస్తారు.

తమ్ముడు మాత్రం వేరే ప్రశ్న అడుగుతాడు. ఆ ఆదివారం తాను వేసిన చుక్కల వల్లే అవ్వ తొందరగా పోయిందా అని. కాదని డాక్టరమ్మ వాడిని ఎదురుగా కూర్చోబెట్టి చెప్పింది. రోగం వెన్నులో ఎక్కడిదాకా పాకిందో ఫిల్ము పెట్టి చూపించింది. నేనూ చెప్పాను. వాడు శ్రద్ధగా వింటాడు, తల ఊపుతాడు, అన్నం తిని మిల్లుకు పోతాడు. కొన్నాళ్లాగి మళ్లీ అదే అడుగుతాడు. నేను మళ్లీ మొదటి నుంచి చెబుతాను.