చిన్నదాని వంతు

మా ఇంట్లో రాత్రి అన్నానికి ముందు కుటుంబ ప్రార్థన ఉండేది. ఒక పాట, చిన్నవాళ్ళ నుంచి పెద్దవాళ్ళ దాకా తలా ఒక బైబిల్ వాక్యం, ఆ తర్వాత అందరం కళ్ళు మూసుకుంటే అమ్మ ప్రార్థన. అమ్మ బూర్గంపాడులో తెలుగు పంతులమ్మ. బడిలో పాఠం చెబితే రోడ్డు మీద పోయేవాళ్ళకు కూడా సంధులు వచ్చేవని ఊళ్ళో ఎగతాళి చేసేవాళ్ళు. ఆ గొంతుతోనే ప్రార్థన కూడా చేసేది.

అమ్మ ప్రార్థన ఎప్పుడూ దూరం నుంచి దగ్గరికి వచ్చేది. ముందు దేశాన్ని ఏలేవాళ్ళు, తర్వాత మా చర్చి సంఘంలో జబ్బుపడ్డవాళ్ళు, తర్వాత ఏన్కూరులో ఉండే ఆమె స్నేహితురాలు, ఆ తర్వాత నాన్న, అక్క, చిట్టచివరికి నేను. "చిన్నదానికి" అన్న మాట వినపడిందంటే ఆమెన్ దగ్గర పడినట్టే. నేను ఒక కన్ను తెరిచి అన్నం గిన్నె వైపు చూసేదాన్ని. అక్క మోచేత్తో పొడిచేది. నాకోసం అమ్మ ఏం అడిగేదో నేను ఒక్కనాడూ సరిగ్గా విన్నది లేదు. ఆకలి మీద ఉన్న పిల్లకు అవేం చెవిన పడతాయి?

నేను భద్రాచలంలో కంప్యూటర్ కోచింగ్ సెంటర్ పెట్టుకున్న ఏడాది అమ్మకు గొంతులో పుండు లేచింది. హైదరాబాద్‌లో పెద్ద దవాఖానాలో అది క్యాన్సరని చెప్పి స్వరపేటిక తీసేశారు. మెడ మీద చిన్న రంధ్రం మిగిలింది, ఊపిరి అందులోంచే. చూడటానికి వచ్చిన చుట్టాల్లో ఒకాయన, అమ్మ చాటుగా చుట్ట తాగేదా అని నాన్నను అడిగాడు. నేను ఆయన ముందున్న టీ గ్లాసు తీసుకుపోయి కడిగేశాను. ఆయన ఇంకా సగం కూడా తాగలేదు.

ఇంట్లో అమ్మ పలక పట్టుకుని తిరిగేది. పంతులమ్మ కదా, పలక మీద కూడా మార్జిన్ గీసుకునేది. ఖమ్మంలో నర్సుగా చేస్తున్న అక్క ఫోన్ చేస్తే, అమ్మ రిసీవర్ మీద వేలితో కొట్టేది. ఒకసారి కొడితే అవ్, రెండుసార్లు కొడితే కాదు. అక్క ప్రశ్నలన్నీ అవ్, కాదు అనేటట్టు కూర్చుకుని అడిగి, ఫోన్ పెట్టేశాక ఏడ్చేది. ఆ సంగతి నాకు మళ్ళీ ఫోన్ చేసి చెప్పి ఏడ్చేది.

ఇక ప్రార్థన నాన్న మీద పడింది. నాన్న ఫ్యాక్టరీలో షిఫ్ట్ మనిషి. స్తోత్రం ప్రభువా, అందర్నీ కాపాడు, ఆమెన్. గేటు దగ్గర కార్డు పంచ్ చేసినట్టు ఉండేది ఆయన ప్రార్థన. ఒక సాయంత్రం అమ్మ తట్టుకోలేక తానే చేస్తానని సైగ చేసింది. పలక తీసుకుని రాయడం మొదలుపెట్టింది. మేము అలవాటు కొద్దీ కళ్ళు మూసుకున్నాం. బలపం చప్పుడు ఆగాక కళ్ళు తెరిచేసరికి అమ్మ కొంగుతో పలక తుడిచేసుకుంటోంది. మూసిన కళ్ళకు పలక ఎట్లా కనపడుతుందని మాలో ఒక్కరికీ తోచలేదు. అమ్మ నవ్వింది గానీ ఆ రాత్రి సరిగ్గా తినలేదు.

నాకు వచ్చిన విద్య ఒక్కటే కాబట్టి దాన్నే పట్టుకున్నాను. సెంటర్‌లో పాతబడిన కంప్యూటర్ ఒకటి ఇంటికి తెచ్చి, టెలిఫోన్ తీగకు మోడెమ్ తగిలించి, అమ్మకు చాటింగ్ నేర్పాను. అందరూ వాడేదే అది. రెండో రోజే ఎవడో వచ్చి అమ్మను వయసెంత, ఆడా మగా అని అడిగాడు. అమ్మ పలక తీసుకుని "వీడెవడు?" అని రాసింది. ఎవరో తెలియదన్నాను. "తెలియనివాడు నేరుగా లోపలికి ఎట్లా వచ్చాడు? దీనికి తలుపు లేదా?" అని రాసి, కుర్చీలోంచి లేచి వెళ్ళిపోయింది.

అందుకే తలుపున్నది కట్టాను. సెంటర్‌లో నా బల్ల కింద ఒక పాత కంప్యూటర్ డబ్బా పెట్టి, పత్రికతో పాటు ఉచితంగా వచ్చిన సీడీలోంచి లైనక్స్ ఎక్కించి, దాని మీద మా సొంత చాట్ సర్వర్ నడిపాను. నేను పేరు రాసుకుంటే తప్ప ఎవరూ లోపలికి రాలేరు. రాసుకున్నవి నాలుగే: అమ్మ, అక్క, నేను, ఏన్కూరు పిన్ని. పిన్ని అంటే అమ్మతో పాటు ట్రైనింగ్ చదివిన స్నేహితురాలు. ఆమె కొడుకు తన ఎస్టీడీ బూత్‌లో కంప్యూటర్ పెట్టుకున్నాడు. నాన్నకు కూడా పేరు పెడతానంటే, తన మాటలు తన నోటితోనే సరిపోతున్నాయని అన్నాడు.

దాన్ని నడపడం అంత తేలికేం కాదు. భద్రాచలంలో కరెంటు పోయి వస్తే బ్రాడ్‌బ్యాండ్ కొత్త నంబర్ ఇచ్చేది. అంటే మా గది చిరునామా మారిపోయేది. అప్పుడు ముగ్గురికీ ఫోన్ చేసి ఆ అంకెలు చదివి చెప్పాలి. అక్క విసుక్కునేది. కిరాయి ఇల్లు మారినట్టు రోజూ ఈ మారుడేందని పిన్ని అడిగేది. అమ్మ మాత్రం ఒక్కో అంకె రాసుకుంటూ రిసీవర్ మీద ఒక్కసారి కొట్టేది. ఆ చప్పుడు కోసం కరెంటు పోయినా బాగుండునని నాకు ఒక్కోసారి అనిపించేది.

తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాయనని అమ్మ మొండికేసింది. కీబోర్డ్ మీద తెలుగు అక్షరాలు అంటించి ఇచ్చాను. ఒత్తు కోసం, దీర్ఘం కోసం వెతుక్కుంటూ రెండు వేళ్ళతో కొట్టేది. పిన్నిని ఆటపట్టించేది, అక్క తప్పులు దిద్దేది, నా పెళ్ళి గురించి నలుగురిలో అడిగేది. మాట పోయిన మనిషి కదా అని జాలిపడి గది కడితే, ఆ గదిలో అమ్మ నోటికి మేమెవ్వరం ఆగలేకపోయాం. ఆ రోజుల్లో నేను చాలా సంతోషంగా ఉన్నాను.

ఎనిమిదింటికి గదిలో కుటుంబ ప్రార్థన మొదలైంది. మేము వాక్యాలు రాసేవాళ్ళం. అమ్మ "ప్రార్థన చేద్దాం" అని రాయగానే ఎక్కడివాళ్ళం అక్కడ కళ్ళు మూసుకునేవాళ్ళం. నేను సెంటర్‌లో, అక్క క్వార్టర్స్ పక్కన నెట్ సెంటర్‌లో, పిన్ని ఎస్టీడీ బూత్‌లో. చుట్టూ ఉన్నవాళ్ళు ఏమనుకున్నా సరే. పలక దగ్గర జరిగింది మళ్ళీ జరగకుండా ఒక ఉపాయం ఉంది. సందేశం రాగానే కంప్యూటర్ టింగుమనేది. అప్పుడు కళ్ళు తెరిచి, చదువుకుని, ఆమెన్ అని రాసేవాళ్ళం. అమ్మ ప్రార్థన మొత్తం రాసి ఒక్కసారే పంపేది. దేవుడితో మాట్లాడేది ముక్కలు ముక్కలుగా పంపకూడదని ఆమె పట్టుదల. అందుకని చాలాసేపు పట్టేది. మాకూ అలవాటైపోయింది. అంతసేపు ఏమీ చేయకుండా కళ్ళు మూసుకుని కూర్చోవడం నాకు రోజంతటిలో అదొక్కటే.

ఆ సాయంత్రం ముసురు పట్టి ఉంది. నాన్న రెండో షిఫ్ట్‌కు పోయాడు, ఇంట్లో అమ్మ ఒక్కతే. అక్క వాక్యం రాసింది, పిన్ని రాసింది, నేను రాశాను. "ప్రార్థన చేద్దాం" అని అమ్మ రాసింది. కళ్ళు మూసుకున్నాం.

టింగుమనలేదు. కాసేపటికి కళ్ళు తెరిచి చూసి, మళ్ళీ మూసుకున్నాను. ఇంకాసేపటికి అక్క, అమ్మా అయిందా అని రాసింది. ప్రార్థన మధ్యలో మాట్లాడకూడదని పిన్ని వెంటనే కోప్పడింది. కరెంటు పోయిందేమోనని నేను ఇంటికి ఫోన్ చేశాను. ఎంగేజ్ వచ్చింది. ఇంట్లో ఉన్న లైన్ ఒక్కటే, మోడెమ్ నడిస్తే ఫోన్ ఎంగేజ్‌లోనే ఉంటుంది. అంటే కరెంటు ఉంది, అమ్మ లైన్లోనే ఉంది. ఆ మాటే నెట్ సెంటర్‌కు ఫోన్ చేసి అక్కకు చెప్పాను. ఈ రోజు నీ గురించి పెద్ద లిస్ట్ పెట్టినట్టుంది అని అక్క నవ్వింది. నేనూ నవ్వాను.

మళ్ళీ చేశాను, ఎంగేజే. ఈసారి ఎందుకో ధైర్యం చాలక పక్కింటి ఆంటీకి ఫోన్ చేసి చూసి రమ్మన్నాను. ఆమె మా సంఘం మనిషే. పోయి, కిటికీలోంచి చూసి, తిరిగొచ్చి ఫోన్ అందుకుంది.

"ప్రార్థనల ఉన్నది బిడ్డా. కంప్యూటర్ ముంగట తల వంచుకోని కూసున్నది. మధ్యల లేపుడెందుకని వచ్చిన."

నాకు ప్రాణం కుదుటపడింది. అట్లా కుదుటపడటమే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఫోన్ పెట్టేసి తెర ముందు కూర్చున్నాక గానీ ఒక సంగతి తట్టలేదు. అమ్మ కళ్ళు మూసుకుని టైపు చేయలేదు. ఒక్కో అక్షరం వెతుక్కునే మనిషి. మేము కళ్ళు మూసుకున్నంతసేపూ మా నలుగురిలో కళ్ళు తెరుచుకుని ఉండాల్సింది ఆమె ఒక్కతే.

వానలో స్కూటీ మీద బ్రిడ్జి దాటి బూర్గంపాడు పోయాను. ఆంటీ చెప్పినట్టే ఉంది అమ్మ. గడ్డం ఛాతీకి ఆనుకుని ఉంది, రెండు వేళ్ళు కీబోర్డ్ అంచు మీద ఉన్నాయి. ముట్టుకుంటే చల్లగా ఉంది.

నాన్నకు కబురు పోయి ఆయన వచ్చేదాకా నేను ఆమె పక్కనే కింద కూర్చున్నాను. నాన్న వచ్చి అమ్మ తల తన పొట్టకు ఆనించుకుని నిలబడ్డాడు. అట్లాగే నిలబడి తెర మీదున్నది చదివాడు. కింద చిన్న పెట్టెలో, పంపకుండా ఉండిపోయిన ప్రార్థన. అంతవరకు నేను అటు చూడనేలేదు. దేశాన్ని ఏలేవాళ్ళకు బుద్ధి అడిగింది. సంఘంలో పక్షవాతం వచ్చిన ముసలాయనకు నడక అడిగింది. ఏన్కూరులో నా స్నేహితురాలి మోకాళ్ళ నొప్పి తగ్గించు ప్రభువా, ఆమె నన్ను చేసే ఎగతాళి మాత్రం తగ్గించకు. నా భర్తకు రాత్రి షిఫ్టుల్లో నిద్ర ఆపుకునే బలం ఇవ్వు. పెద్దదానికి ఆ వార్డు మార్పించు, అక్కడ చావులు ఎక్కువ, దాని మనసు మెత్తన. చిన్నదానికి

అంతే. ఆ తర్వాత గీత ఒకటి ఆరుతూ వెలుగుతూ ఉంది.

అమ్మను లేపి మంచం మీద పడుకోబెడుతుండగా కరెంటు పోయింది. మళ్ళీ వచ్చేసరికి తెర ఖాళీ. పంపని మాటలు నా సర్వర్ దాకా రాలేదు. గది కట్టింది నేనే, తాళం నా దగ్గరే, అయినా అందులో వెతకడానికి ఏమీ లేదు.

గుండె ఆగిందనీ, పక్కన మనిషి ఉన్నా చేయగలిగేది లేదనీ డాక్టర్ చెప్పాడు. అక్క తల ఊపింది. నర్సు తల ఊపితే నమ్మినట్టు కాదని నాకు తెలుసు. సమాధి అయ్యాక సంఘంవాళ్ళు పెట్టిన ఆదరణ కూడికలో ఒకరి తర్వాత ఒకరు లేచి, ప్రార్థనలోనే ప్రభువు దగ్గరికి పోయింది, ఎంత భాగ్యవంతురాలు అని సాక్ష్యం చెప్పారు. పక్కింటి ఆంటీ తాను కిటికీలోంచి చూసింది చెప్పి ఏడ్చింది. ఆమె మీద నాకు కోపం లేదు, ఆమె స్థానంలో నేనున్నా కాళ్ళ చప్పుడు కాకుండా వెనక్కి తిరిగేదాన్ని. ఆ భాగ్యం అన్న మాట మీదే కోపం. ముగ్గురం ఆమె కోసమే ఎదురుచూస్తూ కూర్చుంటే, మా అమ్మ ఒంటరిగా చచ్చిపోయింది. దాన్ని భాగ్యం అనడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు.

పిన్ని మాత్రం అడగ్గా అడగ్గా, ఆ గదిని కొన్నాళ్ళు నడిపాను. ఎనిమిదింటికి వచ్చి ఒక వాక్యం రాసి పోయేది. తర్వాత అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చాయి. ఒక వానాకాలం డబ్బాలో డిస్క్ పాడైంది, నేను బాగుచేయలేదు.

నాన్న ఇప్పుడు రిటైరయ్యాడు. నేను ఇంటికి పోయినప్పుడు అన్నం ముందు ఆయనే ప్రార్థన చేస్తాడు. మూడు ముక్కల మనిషి, ఇప్పుడు చాలాసేపు చేస్తాడు. ఏలేవాళ్ళు, జబ్బుపడ్డవాళ్ళు, పిన్ని మోకాళ్ళు, తన షిఫ్టులు, అక్క వార్డు. తనకు ఇక షిఫ్టులు లేవు. అక్క వార్డు మారి చాలా కాలమైంది. అయినా ఒక్క మాట మార్చడు. ఆ రాత్రి నిలబడి ఒక్కసారి చదివింది ఆయనకు అట్లాగే ఉండిపోయింది.

"చిన్నదానికి" అంటాడు. ఆగుతాడు. తర్వాత ఆమెన్ అంటాడు.

ఒకసారి ఉండబట్టలేక, ఆ మిగతాది నువ్వే ఏదో ఒకటి అడగరాదా నాన్నా అన్నాను. ఆయన కంచం దగ్గరికి లాక్కుని, అన్నం కలుపుతూ చెప్పాడు.

"మీ అమ్మ ఆడ్నే ఆగింది బిడ్డా. ఆ పైన ఆమె ఏం అడిగేదో నాకు తెల్వదు. తెల్వంది కల్పి ఎట్ల చెప్పాలె?"

నేను మళ్ళీ అడగలేదు. అన్నం గిన్నె వైపు కూడా చూడను. ఆయన ఆగిన ఆ కాసేపూ కళ్ళు గట్టిగా మూసుకుని వింటాను.